మొదటి అంగుళం లేని టేపు

వడ్ల లక్ష్మీరాజం టేపుకు మొదటి అంగుళం లేదు.
తుప్పు పట్టి ఎన్నడో ఇరిగిపోయింది.
ఒకటి కాడ పట్టి కొలిచేటోడు,
ఆఖర్న ఒకటి తీసేసేటోడు.
ఒక్కసారి గూడ మర్వలే.

షార్జాల, సజా క్యాంపుల, పద్నాలుగో రూముల
నా పై మంచం ఆయనది.
చెవి మీది పెన్సిల్‌తోనే పండుకునేటోడు.
పగలంత షట్టరింగు.
"మనం కొట్టిన చెక్క ఒక్కటి ఉండదిరా ఈడ,
సిమెంటు గట్టిపడంగనే పీకి పారేస్తరు.
అయినా సక్కగ కొట్టుర్రి" అనేటోడు.

నాలుగు నెల్లు జీతం రాని ఎండకాలం
ప్లైవుడ్ ముక్క మీద
మా అందరి పేర్లు, రావాల్సిన దిర్హాములు రాసి
మెస్సు తలుపుకు కొట్టిండు.
ఎవడు రాసిండని ఫోర్మన్ అరిస్తే
చెవి మీద చెయ్యి పెట్టి
"పెన్సిల్ నాదే" అన్నడు.

పెద్దులు నిద్రల పోయిండు.
శవం ఇరవై మూడొద్దులు ఆగింది.
పెట్టె పొట్టిగ వొచ్చిందని
రాజమన్న మల్ల కొలిచిండు.
పెద్దులు అయిదడుగుల ఆరు.
కాగితాలే పొడుగు.

ఆ యేడు లీవు మీద పోయినోడు రాలే.
ఎలక్షన్ల నిలబడ్డడు.
రంపం గుర్తు అడిగితే ఇస్త్రీపెట్టె ఇచ్చిర్రట.
మాకు ఓటు లేదు, ఫోనుంది.
తలా ఇరవై ఇండ్లకు కొట్టినం.
ఆరువందల పదకొండుతోటి ఎమ్మెల్యే అయిండు.

అసెంబ్లీల ఆయన మాట్లాడేది
పదహారు మందిమి ఒక్క ఫోన్ల చూసినం.
తెల్ల అంగీ, గంజి.
రెండు నిమిషాలిచ్చిర్రు.
పెద్దులు పేరు చెప్పిండు,
ఇరవై మూడొద్దులు చెప్పిండు,
ఇంకేదో చెప్పబోతుంటే మైకు కట్టయింది.
చెయ్యి చెవి మీదికి పోయింది.
ఆడ ఏం లేదు.
మేం నవ్వినం. తర్వాత నవ్వలే.

మూడేండ్లకు వొచ్చిండు,
ఎవరిదో పెద్ద కారు, మెడల వాడిన దండ.
తలుపు కాడ బూట్లిడిసిండు.
ఆయన మంచం మీద ఆర్మూర్ పోరడు
నైటు డ్యూటీ చేసి పండుకున్నడు.
"లేపకుర్రి" అన్నడు.

ఫోటోలోళ్ళు బయటికి పోయినంక అడిగిన:
"మా ముచ్చట ఏం జేసినవన్నా?"
దండ తీసి చేతికి చుట్టుకుంటనే ఉన్నడు.
"యాభై సార్లు అడిగిన అని
ఊర్లె మీటింగుల చెప్పిన" అన్నడు.
కొంచెం సేపాగి,
"నలభై తొమ్మిది" అన్నడు.
ఇంకొంచెం సేపాగి,
"అది గూడ కాదురా."

టేపు తెచ్చిచ్చిన.
గుంజి చూసిండు, ఒకటి కాడ బొటనవేలు ఆనిచ్చి.
వాపసు నా చేతుల పెట్టి,
బూట్ల లేసులు కట్టుకుంట చాన సేపు కూసున్నడు.

రేపు ముప్పై ఎనిమిదో అంతస్తు.
బస్సు నాలుగ్గంటలకే.