సందు

కీల్పాక్ లాబ్‌లో కరెంటు పోయి వచ్చిన శుక్రవారం సాయంత్రం
ఎతిరాజులు గారి ఊపిరితిత్తి పక్కన ఊరిన నీరు
నా స్లైడు మీద ఆరింది.

ఉబ్బిన కణాలు, గుంపుగా.
పెద్ద పెద్ద కేంద్రకాలు, కొన్నింటిలో రెండేసి.
రాసేశాను: పాజిటివ్.
చివర చుక్క కూడా పెట్టాను, గట్టిగా.

పదకొండు రోజులు.
పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో
ముప్పై ఏళ్లు రైళ్లకు నీలం వేసిన మనిషి
బ్రష్షులు కిరసనాయిల్లో కడిగి పంచేశాడట.
సైకిలు ఎదురింటి పిల్లాడికి.

రెండోసారి తీసిన నీరు, కొత్త రంగులు,
మళ్లీ అదే పాత స్లైడు.
కణానికీ కణానికీ మధ్య
సన్నటి సందు.
బయటివాళ్లెవరూ రాలేదు.
గుండె నీరసించి నీరు చేరితే
ఇంటిగోడే కంగారుపడి ఒళ్లు పెంచుకుంది.
ఆ సందు శుక్రవారమూ ఉంది.

ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు.
వెనకాల చేపలమ్మి కేక.
"అయితే అవి ఎవరివమ్మా?"
"మీవేనండీ. మంచివే."
"ఊఁ."

తర్వాత, గొంతు తగ్గించి:
"ఆ పిల్లోడు సైకిలుకి
కొత్త బెల్లు కూడా బిగించుకున్నాడే.
ఎట్టా అడిగేది?"