తేట

మంగళవారం పొద్దున్నే
ఎన్నూరు నుంచి దేశింగు వస్తాడు.
తడి గోనెసంచి ల్యాబు గడప మీద దింపి
"ముప్పై ఆరు" అంటాడు తెలుగులో,
నా కోసం నేర్చుకున్న ఒకే ఒక్క అంకె.

పచ్చ అంచున్న నల్లటి ఆల్చిప్పలు.
వేలు తగలగానే ఠక్కున మూసుకోవాలి,
అప్పులవాణ్ణి చూసిన ఇంటి తలుపులా.
ఇవీ మూసుకుంటాయి,
కాకపోతే కాస్త ఆలోచించుకుని.
మూడు లెక్కపెట్టేలోపు అయిపోవలసింది
తొమ్మిది దాకా సాగుతుంది.
మిగిలిన ఆ ఆరు అంకెల్ని
రికార్డు పుస్తకంలో ఏ గడిలో రాయాలో
మా సారు ఇంకా చెప్పలేదు.

రాయిని పట్టుకోవడానికి వాటికి చేతుల్లేవు.
పాదం దగ్గర దారం వడుక్కుంటాయి,
గోధుమరంగుది, చంటిపిల్ల జుట్టంత సన్నం.
"మా నాన్న రోజుల్లో ఉలి కావాలి" అంటాడు దేశింగు తమిళంలో,
"వంతెన స్తంభం కింద మునిగితే
గోళ్ళు లేచిపోయేవి.
ఇప్పుడు దుప్పటి మీద దూది ఏరినట్టే."
పని తేలికైందన్న సంతోషం
అతని గొంతులో ఎక్కడా లేదు.

స్వాతి చినుకు పడితే ముత్యమంటారు.
అక్కడ ఏ కార్తెలోనైనా పడేది ఒకటే,
పొగగొట్టాల మెత్తటి పిండి.
దాన్నీ నోరు తెరిచే అందుకుంటుంది.
తనకి తెలిసిన పని వడకట్టడం:
గంటకి లీటరు పైన, పగలూ రాత్రీ,
తేటని వెనక్కిచ్చేసి
మడ్డి తను ఉంచుకుంటుంది.
ఇంట్లో అందరి తర్వాత
గిన్నె అడుగు గీరుకుని తినే మనిషిని
చూసినవాళ్ళకి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

కత్తి పెట్టి విప్పుతాను.
మాంసం వేరు, చిప్ప వేరు తూకం.
మాంసం యాసిడ్‌లో కరిగి
నిమ్మకాయ నీళ్ళ రంగుకి తిరుగుతుంది.
మెషీను ఆ నీళ్ళు తాగి పేర్లు చదువుతుంది:
రాగి.
మా నాయనమ్మ చెంబు.
జింకు.
పాపకి డాక్టరు రాసిన సిరప్పు.
సీసం.
కాడ్మియం.
ఈ చివరిదానికి మా ఇంట్లో చుట్టరికం లేదనుకున్నాను,
రిమోటు వెనక పాత బ్యాటరీ మీద
పేరు చూసేదాకా.

నోట్లో నువ్వుగింజ నానదంటారు కొందరికి.
దీని నోట్లో
బూడిద గొట్టం పగిలిన వానాకాలం నుంచీ
సీసం నానుతోంది.
ఒక్క మాట బయటపెట్టిందా?

మా అమ్మ దగ్గర ఒక ఆల్చిప్ప ఉంది,
మాగాయకి చెక్కు తీసేది.
వీపు గచ్చుకేసి అరగదీసి కన్నం చేశారు.
నలభై ఎండాకాలాల మామిడికాయలు
గీసి గీసి, ఇంకా గట్టిగానే ఉంది.
మొన్న ఈ చిప్పనొకదాన్ని
అదే గచ్చుకి రుద్దాను.
మూడో రుద్దుకి
అప్పడంలా విరిగింది.

శనివారం తిరువొత్తియూరు బస్టాపులో
దేశింగు పెళ్ళాం అంజలాక్షి.
చంకలో అల్యూమినియం బేసిను, తడిగుడ్డ కింద అవే.
"ఇవి తినొచ్చా అక్కా?"
సగం తమిళం, సగం నాకోసం.

నా దగ్గర దశాంశాలున్నాయి,
అవునూ కాదూ లేవు.
రిపోర్టు సారు టేబులు మీద ఉంది,
సారు సంతకం ఢిల్లీలో సెమినార్‌లో ఉంది.
ఒకటి, రెండు, మూడు…
యాభై ఆరో నంబరు బస్సు వచ్చింది, పోయింది.
తొమ్మిది దాకా పట్టింది
నా నోరు తెరుచుకోవడానికి.

"పిల్లలకి పెట్టకు."

ఆమె గుడ్డ సర్దుకుంది.
"పెట్టను. అమ్ముతాను" అంది,
"కొనేవాళ్ళకీ పిల్లలుంటారు కదా,
వాళ్ళకి నువ్వు చెబుతావా,
ఒక్కొక్క ఇంటికీ వచ్చి?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది,
జవాబు కోసం కాసేపు చూసింది కూడా.
తర్వాత బేసిను నెత్తికెత్తుకుని
బస్సు మెట్టెక్కుతుంటే
అంచు మీంచి ఒక నీటిచుక్క జారి
నా మణికట్టు మీద పడింది.

వెలుతురుకి పట్టి చూశాను.
ఎంత తేటగా ఉందో.