రెండు కన్నాలవి, నాలుగు కన్నాలవి

గోవిందప్ప నాయకన్ వీధిలో
చేతిబండికీ స్కూటరుకీ నడుమ
ఒత్తిగిలి నడవాలి, ఫైలు గుండెకి అదుముకుని.
పదకొండేళ్ళ కిందట అలాగే వెళ్ళాను
దేవరాజులు చెట్టిగారి బొత్తాల కొట్టుకి.
చూపులేని పిల్లల బడి, అన్నాను.
ఫోటోలు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టారు:
"బేరం వేళ ఏడిపించకమ్మా. ఎంత?"
ఐదు వందలు. రసీదు మడిచి
తూకంరాయి కింద పెట్టారు.

మరుసటి నెల డబ్బు కోసం వెళ్ళలేదు.
అబద్ధం. డబ్బుకే వెళ్ళాను.
అడగడానికి నోరు రాక
పూంగొడి అనే పిల్ల తొమ్మిదో ఎక్కం దగ్గర
రోజూ ఎలా తట్టుకుంటోందో చెప్పి వచ్చేశాను.
ఆపై నెల ఆయనే అడిగారు:
"దాటిందా?"

అక్కణ్ణించి ఇక మాటలే.
ఆయన మోకాలు, తమ్ముడితో వాటా తగువు,
మా వ్యాను రిపేరు, వంటమనిషి అలకలు.
ఆయనిచ్చిన డబ్బుతో కొన్న ఫ్యాన్లు
నెల తిరక్కుండా కాలిపోయాయని కూడా చెప్పేశాను.
"కొనేముందు నన్నడగొద్దా?" అని
ఆ పూటంతా కోప్పడ్డారు, సొంతవాళ్ళలా.

పోయినేడు కొట్టు మూతపడింది.
జిప్పులొచ్చి కాదు, వాటాలొచ్చి.
మా ఆఫీసులో కొత్త కుర్రాడు
జాబితాలో ఆయన పేరుకి పసుపు పూశాడు:
ఆగిపోయిన దాత.
ఆగింది డబ్బు బాబూ, అన్నాను.
వాడి చెవుల్లో హెడ్‌ఫోన్లు.

మొదటి శనివారం ఎప్పట్లాగే వెళ్ళాను,
ఈసారి మింట్ వీధిలో మేడ మీదికి.
తలుపు తీస్తూనే జేబు తడుముకున్నారు.
చెయ్యి అక్కడే ఉండిపోయింది.
"ఈ నెల ఏం లేదమ్మా."
"నా దగ్గరుంది," అన్నాను.
"పూంగొడికి బి.ఎడ్. సీటొచ్చింది."
కాఫీ చల్లారేదాకా
ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

తర్వాతో గురువారం, చెప్పా పెట్టకుండా
ఆటో దిగారు. రెండు బిస్కెట్ డబ్బాల నిండా
అమ్ముడుపోని బొత్తాలు.
పిల్లలు చాప మీద బోర్లించుకుని
వేళ్ళతో ఏరుతున్నారు:
రెండు కన్నాలవి, నాలుగు కన్నాలవి,
కన్నమే లేక వెనక కొక్కెం ఉన్నవి.
వేలాయుధం ఒకటి ఎత్తి పట్టుకుని
"తాతా, దీనికి నాలుగు కళ్ళు.
మనిద్దరికీ సరిపోతాయి" అన్నాడు.

ఆయన కంట్లో శుక్లాల సంగతి
వాళ్ళకి చెప్పింది నేనే.
అటు కబుర్లు ఇటు మొయ్యకపోతే
ఇంక నా ఉద్యోగమేమిటి?

రసీదు రాయడానికి కూర్చున్నాను.
వస్తువు: బొత్తాలు.
విలువ దగ్గర పెన్ను ఆగింది.
చాప మీంచే కేకేశారు చెట్టిగారు:
"తూకం వేసి రాయమ్మా,
డబ్బాల బరువు తీసేసి."