రాయని మాట

డండీలో, నది మీది పొగమంచు ఇంకా విడవని ఉదయం.
శిక్షణ గదిలో పదకొండు మందిమి.
హీటరు పక్క కుర్చీ కోసం నేను ముందే వచ్చాను.

సార్జెంట్ మోరాగ్ ఒక పాత ఫిర్యాదు పంచింది:
తలుపు మీద ఎర్ర రంగు. నష్టం నలభై పౌండ్లు. సాక్షులు లేరు.
ఇందులో ఏం లేదో చెప్పండి, అంది.

వేలిముద్రలు, అన్నాడు కాలమ్.
కెమెరా, అన్నాను నేను.
రంగు డబ్బా ఎక్కడ కొన్నారో, అన్నారెవరో.

టీ ఫ్లాస్కు పక్కన కూర్చున్నావిడ లేచింది.
ఆ పనికే వచ్చిందనుకున్నాం.
పేరు ఇంతిసార్. సూడాన్ విడిచి పద్నాలుగేళ్లు.
ఆ తలుపు ఆమెది.

"ఆ రంగుతో ఏం రాశారో లేదు.
వచ్చిన కుర్రాడు మంచివాడే,
గుమ్మంలో బూట్లు విప్పాడు.
ఆ మాట రాయడానికే సిగ్గుపడ్డాడు.

మా వాడికప్పుడు ఆరేళ్లు.
చదవడం కొత్తగా వచ్చి
కనబడ్డ బోర్డల్లా చదివేవాడు.
తలుపు ముందు నిలబడి
ఒక్కో అక్షరం కూడబలుక్కుని
సరిగ్గా చదివానా అమ్మా, అన్నాడు."

హీటరు టిక్కుటిక్కుమంటోంది.

మోరాగ్ ఖాళీ ఫారాలు ఇచ్చింది.
ఇంతిసార్ ఆ మాట చెప్పింది
రొట్టె ధర చెప్పినంత మామూలుగా.
కాలమ్ వినబడలేదంటే
మళ్లీ చెప్పింది.

రాశాను.
బడి ఆటస్థలంలో ఒకసారి
నవ్వుతూ నేనూ అన్న మాటే.
ఎవరినన్నానో, ఆ పిల్లాడి పేరు గుర్తు లేదు.
స్పెల్లింగు మాత్రం
ఎక్కడా తడబడలేదు.