గుండీల డబ్బా

వంటింటి బల్ల మీద అమ్మ
పాత బిస్కెట్ల డబ్బా బోర్లించింది.
నూట ఎనభై నాలుగు గుండీలు.
నల్లవి ఫీక్రా తరఫు, తెల్లవి మా తరఫు,
ఇత్తడిది కోర్మాక్ మామ, ఓడ ఉద్యోగం చేశాడు కనక.
బ్రీడ్ అత్తకి రెండు పెట్టింది:
ఆమె హ్యాండ్‌బ్యాగ్‌కి కూడా కుర్చీ కావాలట.
సాసర్లు భోజనాల బల్లలు.
ఉప్పుడబ్బా ఫాదర్ తూహీ.
డోనల్, ఈమన్ చెరో మూల సాసర్లో,
ఒకరి మొహం ఒకరికి కనబడకుండా.
ఇరవై ఏళ్ల నాటి గొర్రెల తగాదా అది,
పెళ్లిభోజనంతో తీరేది కాదు.

తర్వాత రేడియో మొదలుపెట్టింది.

వంద, అంది.
నా ఆఫీసు వాళ్లు డబ్బాలోకి వెళ్లారు.
యాభై, అంది.
గాల్వే చుట్టాలు వెళ్లారు.
చప్పుడు కాకుండా తీసేది అమ్మ,
నిద్రపోయిన పిల్లల్ని మంచం మీదకి చేర్చినట్టు.
ఇరవై ఐదు అన్నరోజు
డోనల్, ఈమన్ ఒకే సాసర్లోకి వచ్చారు.
రెండ్రోజులు అలాగే ఉన్నారు పక్కపక్కన,
ఏ గొడవా లేదు.

ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు.
బడినాటి వృత్తలేఖినితో మ్యాపు మీద గీశాను
నాదొకటి, ఫీక్రాది ఒకటి.
మా ఇళ్ల మధ్య తొమ్మిది.
రెండు సున్నాలూ ఒకదాన్నొకటి కరుచుకున్న చోట
గోటి తునకంత నేల.
అందులో ఒక బురద పొలం,
మూతపడ్డ పెట్రోల్ బంకు.

మంగళవారం, శుక్రవారం
అతను డీజిల్ పంపు దగ్గర, నేను గాలి మిషను దగ్గర.
కేకు ఎవరు చేస్తారు?
మా అమ్మ. నీళ్లోడుతుంది, పరవాలేదు.
పూలు?
జూన్‌కి కంచె మీద ఏవి పూస్తే అవి.
నగల కొట్టు మూసేశారు.
వేలికి దారం చుట్టి, ముడి చెదరకుండా తీసి
పంపు హుక్కుకి తగిలించి వెనక్కి జరిగాను.
అతనొచ్చి తీసుకున్నాడు.
ఆ నెలలో మేము ఒకరినొకరం తాకింది
అంతే.

పెళ్లికి వాన రాకూడదంటే
ముందురోజు రాత్రి ప్రాగ్ బాలయేసుని
కంచె కింద నిలబెట్టాలి. మా వైపు ఆనవాయితీ.
అమ్మ ఏప్రిల్ పదిహేడున నిలబెట్టింది.
తేదీ జరిగింది, బొమ్మ జరగలేదు.
మళ్లీ జరిగింది.
కిరీటంలో ఒక నత్త కాపురం పెట్టింది.
ఇక ఆ వసంతమంతా చుక్క పడలేదు,
మా మాయోలో!
మనిషి లేని రోడ్ల మీద
దండగ్గా ఎండ కాసింది.

పోర్చుగల్‌లో కొన్న గౌను ఏ గోదాములో ఉందో.
బ్రీడ్ అత్త డెబ్భై ఎనిమిది నాటి తన గౌను పార్సిల్ చేసింది.
కలరా ఉండల వాసనతో, కాళ్లకి రబ్బరు బూట్లతో
స్టూలెక్కి నిలబడ్డాను.
అమ్మ నోటి నిండా గుండుసూదులు.
ఆ ఒక్క సాయంత్రం
ఆమె సంఖ్య గురించి మాట్లాడలేదు.

చివరికి ఆరు.

అర్ధరాత్రి మంచినీళ్లకి లేచాను.
ఒకటే సాసరు మిగిలింది.
మేమిద్దరం, సాక్షులిద్దరు,
ఫీక్రా వాళ్లమ్మ, బూడిదరంగు,
పోయిన ఏడే ఆయన పోయారు ఆమెకి.
ఆరోది పెద్ద నల్ల గుండీ:
పురోహితుణ్ణీ లెక్కలో వేసిందన్నమాట.
అమ్మ స్వెటర్ ఆకుపచ్చది
సాసర్లో లేదు.
డబ్బాలో వెతికాను. అడుగున ఉంది,
గాల్వే వాళ్లందరి కింద.

పొద్దున్న టీ పోస్తూ చెప్పాను:
ఫాదర్ తూహీ ఉప్పుడబ్బా కదా,
గుండీ ఎప్పుడయ్యాడు?
అలా లెక్కపెట్టొచ్చా, అంది.
రేడియోలో వద్దనలేదే, అన్నాను.
అబద్ధమే. విననేలేదు నేను.

నల్ల గుండీ తీసి ఎంతోసేపు చేతిలో తిప్పింది.
దాని చోట ఆకుపచ్చది పెట్టి
మెల్లిగా సాసరు అంచుకి జరిపింది,
తలుపు దగ్గరి కుర్చీ చాలన్నట్టు.

కిటికీ మీద టపటపమంది.
మార్చి తర్వాత మొదటి వాన.
బొమ్మ తడుస్తోందమ్మా, తెచ్చేయనా?
ఉండనీ, అంది గిన్నెలు కడుగుతూ.
ఇంకా పెళ్లవలేదుగా.