పదిహేడో నంబరు

పగలంతా లేనట్టే ఉంటుంది.
హెసరఘట్ట ఎర్రమట్టి నెర్రెల్లో,
ఎండుటాకు కింద,
గెనుసుతీగ మొదట్లో.
కంటబడ్డా చీమే అనుకుంటాం.

రెండు గంటలకోసారి వెళ్తాం
నేనూ, చౌడమ్మా,
ఎర్ర జిలుగుకాగితం చుట్టిన టార్చీ,
గళ్ళ కాగితం బిగించిన అట్టా.
ఆకు పైన, ఆకు కింద, తీగ, నెర్రె, గడ్డ.
చివరి గడి: కనబడలేదు.
టిక్కులన్నీ దాదాపు అందులోనే.

నలభై ముక్కుపురుగులకి
యశ్వంతపురంలో కొన్న గోళ్ళరంగుతో
గుండుసూది మొనన చుక్కలు పెట్టాను.
ఎడమ తెలుపు, కుడి పసుపు: పదిహేడు.
"పెండ్లికూతుర్లను జేసినావు గదా సారూ"
అంది చౌడమ్మ.
మడకశిర దగ్గర ఆమె అరెకరం గెనుసు
ఒకే ఏడు చేదైపోయింది వీటివల్ల.
ఆ సంగతి నవ్వకుండా, ఏడవకుండా చెప్పింది,
టీ ఊదుకుంటూ.

ఏడింటికి ఒకటి పైకొస్తుంది.
తొమ్మిదికి ఆకుల మీద సంత.
దేవనహళ్ళిలో దిగబోయే విమానాలు
మా నెత్తిమీద దీపాలు ఆర్చి వెలిగిస్తుంటే
మగవి, మోకాలెత్తున,
ఎవరికీ చెప్పకుండా ఎగిరిపోతాయి.
వేలు తగిలిందా,
కాళ్ళు ముడుచుకుని రాలిపడటమే.
"చీటీ డబ్బులకు మనిషొస్తే
నేనూ ఇట్లే పండుకుంటా."

మూడింటికి మట్టి గీకి
ఒక గడ్డ తీసి వాసన చూస్తుంది.
"దీంట్లో ఉండాది."
కోస్తే ఉంటుంది, ప్రతిసారీ:
నల్లటి సొరంగాలు, తెల్లటి పిల్ల.
వాసనకి నా దగ్గర గడి లేదు.

పదిహేడు నాలుగు రాత్రులుగా లేదు.
కనబడలేదు, కనబడలేదు,
రాసి రాసి పెన్ను కూడా అరిగింది.

ఐదో తెల్లవారి
జాలహళ్ళి దాటాక, బస్సు కిటికీ పక్కన,
నా చొక్కా చేతి మడతలో
ఎడమ తెలుపు.
కుడి పసుపు.
కాళ్ళు ముడుచుకుని.

చౌడమ్మ అయితే గోటితో నలిపేసి
ఆ వేలు చీరకి తుడుచుకునేది.
నేను అట్ట తీశాను.
గళ్ళన్నీ చేనువే, బస్సుకి ఒక్కటీ లేదు.
అంచున రాశాను:
ఆరు నలభై. చొక్కా. కదలిక లేదు.
చావా, నటనా అనేది
రాయలేదు.

ఖాళీ అగ్గిపెట్టెలో వేసి
మెజెస్టిక్ దాకా
చెవి దగ్గరే పట్టుకు కూచున్నాను.
పక్కాయన ఫోననుకున్నాడేమో, జరిగి చోటిచ్చాడు.
పగలు కదా,
ఏమీ వినబడలేదు.