కాడవైపు

కొండపి బ్యారన్‌లో వేడి
ఇరవై ఐదు వేల ఆరువందల డిగ్రీలట,
తెర మీద.
ఆకేమో ఇంకా పచ్చగానే ఉంది.

తలుపుకి అరచెయ్యి ఆనించి
మస్తానయ్య అన్నాడు:
"నూరు. మా ఎక్కువైతే నూటొకటి."

రాత్రంతా డ్రైవర్ కోడ్ తవ్వాను.
సెన్సార్‌ని తిట్టాను, తీగని తిట్టాను,
కొత్త బోర్డు అంటగట్టిన ఒంగోలు కొట్టువాణ్ణీ.

తెల్లారి పందిట్లో
కొత్తపిల్ల కట్టిన కర్ర విప్పేస్తోంది రవణమ్మ.
"కాడలు పైకమ్మే, కొనలు కాదు."

హెక్స్‌లో నూరంటే రెండే బైట్లు:
సున్నా సున్నా, ఆరు నాలుగు.
పాత బోర్డు కాడ నుంచి పంపేది,
ఇది కొన నుంచి.

ఒక్క వరస మార్చాను.
తెర మీద నూటనాలుగు.

"ఆఁ, రాత్రి ఇంకో రెండు మొద్దులేశాగా,"
అన్నాడు మస్తానయ్య,
తెర వైపు చూడకుండానే.